పొట్టు మాస్టారి శనివారాలు

పొట్టు మాస్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరింటికి వెళ్ళినా చెత్త అడుగుతారు.

మంచినీళ్ళిస్తే తాగుతారు, కూర్చోమంటే కూర్చుంటారు, పిల్లల చదువుల గురించి అడుగుతారు. అంతవరకూ అందరిలాంటి మనిషే. కానీ ఆ కళ్ళు ఊరుకోవు. గది మూలలు, తలుపు వెనకలు, మంచం కిందలు వెతికేస్తూ ఉంటాయి. ఎండిన ఆకో, అరిగిన చీపురో, తెగిన బుట్టో కంటపడిందంటే గొంతు తేనెలా మెత్తబడిపోతుంది.

"ఏమండీ... అది మీకు అవసరమా?"

అవసరం లేదంటే సంచీ తీస్తారు. అవసరమే అంటే, ఆ అవసరం తీరేదాకా వస్తూనే ఉంటారు.

ఒకసారి రక్తపోటు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ, "కాస్త నిదానంగా ఉండండి మాస్టారూ. ఎటు చూస్తున్నారు?" అన్నాడు.

"మీ కిటికీలో మొక్క పోయింది."

"అవునండీ, నీళ్ళు పొయ్యడం మర్చిపోయాం."

"అయ్యో పాపం," అని మాస్టారు ఒక్క క్షణం మౌనం పాటించి, "మరి... దాన్ని నేను తీసుకెళ్ళనా?" అన్నారు.

ఆ రోజు రక్తపోటు యంత్రంలో ముల్లు చాలా పైకెళ్ళింది. డాక్టరు రాసిచ్చిన మందుల కాగితం బల్ల మీదే మర్చిపోయి, పోయిన మొక్కని మాత్రం కుండీతో సహా పొదివిపట్టుకుని బయటపడ్డారు. మర్నాడు కుండీ ఖాళీ చేసి తిరిగిచ్చేశారు. ఆయన మనిషి నిజాయితీపరుడు. మొక్క కానిది ఆయనకు అక్కర్లేదు. మంగలి షాపతను తెలివిగా "ఇదిగో మాస్టారూ, ఇక్కడ బోలెడంత జుట్టుంది, పట్టుకెళ్ళండి" అంటే, "జుట్టు మొక్క కాదు నాయనా" అని నిజంగానే బాధపడ్డారు.

ఇంతకీ ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరు. మొక్కల వ్యర్థాల నుంచి ఇంధనం తీసే ల్యాబుకి పెద్ద. ఆయన ముందు ఎవరైనా చెత్త అంటే చెవులు మూసుకుంటారు.

"చెత్త అనకండి. చక్కెర అనండి. తాళం వేసిన చక్కెర."

అని మొదలుపెడితే ఇక ఆపడం కష్టం. గడ్డిలో, కర్రలో, ఆకులో ఉండేదంతా చక్కెరేనట. కాకపోతే గొలుసులు గొలుసులుగా బిగించి, పైన జిగురులాంటిది పూసి, మనిషి నోటికి అందకుండా దాచేసిందట మొక్క. ముందు వేడినీళ్ళలో ఒత్తిడి పెట్టి ఉడికించి ఆ జిగురు వదలగొట్టాలి. తర్వాత ఎంజైములు పోసి గొలుసులు తెంపాలి. బయటపడ్డ చక్కెరను ఈస్టుకి తినిపిస్తే, అది తిని, త్రేన్చి, బండి నడిపే ఆల్కహాలు ఇస్తుంది.

"మరి ఆ బండి ఎప్పుడు నడుస్తుంది మాస్టారూ?" అని కాఫీ హోటలాయన అడుగుతూ ఉంటాడు.

"నడుస్తుందయ్యా. ఎప్పుడని మాత్రం అడక్కు."

ఇలాంటి మనిషి దగ్గర పరిశోధనకి చేరింది కొత్తమ్మాయి. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి లేకపోలేదు గానీ, చేరిన రోజు ఎవరో "కొత్తమ్మాయి" అన్నారు. అదే ఖాయమైపోయింది.

చదువు పూర్తయ్యాక కొత్తమ్మాయి వెంటనే పరిశోధనకి రాలేకపోయింది. నాన్నకి చూపు మందగించింది. ఆయన నడిపే పశువుల దాణా కొట్టు చూసుకోవడానికి ఇంకో మనిషి లేరు. దాంతో ఈమె కొట్లో కూర్చుంది. తౌడు, గానుగ చెక్క, ఎండుగడ్డి కట్టలు, వాటి మధ్య కొన్నేళ్ళు గడిచిపోయాయి. నాన్న కళ్ళకి ఆపరేషనయి, మళ్ళీ కొట్లో కూర్చోగలిగాక, ఆయనే "ఇక నా మొహం చూసింది చాలు, వెళ్ళి చదువుకో" అని తరిమాడు. కానీ దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా అదే ప్రశ్న. ఈ మధ్య ఏళ్ళలో ఏం చేశారు? దాణా అమ్మానండీ. అంతే, మొహాలు మారిపోయేవి. మూడో చోటయితే ఒకాయన నవ్వాడు కూడా.

మాస్టారి ల్యాబులో ఒక్క ఖాళీ ఉంది. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మొదటాయన గొంతు సవరించుకున్నాడు.

"మధ్యలో ఇంత ఖాళీ ఉందేమిటమ్మా?"

"దాణా కొట్టు నడిపానండీ."

"కొట్టా? చదివిందంతా మర్చిపోయి ఉంటావే!" అన్నాడు రెండో ఆయన.

కొత్తమ్మాయి మొహం ఎర్రబడింది. అంతసేపూ బల్ల కింద ఏదో వెతుక్కుంటున్న మాస్టారు అప్పుడే తలెత్తారు.

"అమ్మాయ్, బస్తా మూతి కట్టడం వచ్చా?"

"వచ్చండీ."

"విప్పాలంటే ఒక్కసారి లాగితే ఊడిపోవాలి, లాగకపోతే ఏనుగు తొక్కినా ఊడకూడదు. అలాంటి ముడి?"

"అదే కదండీ దాణా బస్తాకి వేసేది."

మాస్టారు బల్ల కింద నుంచి నిజంగానే ఒక గోనెసంచీ తీశారు. ఆమె రెండు క్షణాల్లో ముడి వేసింది. మిగతా ఇద్దరూ నోరు తెరిచేలోపే మాస్టారు సంచీని తలకిందులు చేసి, కుదిపి, "మన ల్యాబులో ఇన్నాళ్ళూ లేనిది ఇదేనండీ! సగం పొట్టు దార్లోనే పోతోంది. ఇంకెవర్నీ పిలవక్కర్లేదు" అని తీర్మానం చేసేశారు.

కొత్తమ్మాయికి చోటు దొరికిందని పట్టలేనంత సంతోషం. ముడి వల్ల దొరికిందని చెప్పుకోలేనంత అవమానం. ఆ రెండింటితోనూ హాస్టల్లో చేరింది.

మొదటి శనివారం పొద్దున్నే మాస్టారు తోపుడుబండితో ప్రత్యక్షమయ్యారు.

"పద, సేకరణకి."

బండి మీద ఖాళీ గోనెలు. ప్రొఫెసరు ముందు లాగుతుంటే, పరిశోధక విద్యార్థిని వెనక తోస్తోంది. వీధిలో వాళ్ళు తలుపులు వేసుకుంటారని ఆమె అనుకుంది. వేసుకోలేదు సరికదా, కాఫీ హోటలాయన పిప్పి మూటతో ఎదురే వచ్చాడు. మాస్టారు అక్కడో అరగంట అతని నడుం నొప్పి గురించి మాట్లాడారు.

తర్వాత టైలరమ్మ ఇల్లు. మేడ మీద ఒక్క గది, అదే కొట్టు, అదే కాపురం. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. దిగితే ఎక్కలేదు, అందుకని దిగడమే మానేసింది.

"రండి మాస్టారూ, మీ చక్కెర మూటకట్టి ఉంచాను," అంది ఆవిడ మిషను ఆపి. కత్తిరింపు ముక్కలు రెండు సంచులు.

మాస్టారు ముక్కల్ని చేతుల్లోకి తీసుకుని, బంగారం చూసినట్టు చూసి, "నూలు గుడ్డలండీ! దీన్ని మించిన సరుకు లేదు. ఈ వారం కుట్టినవి ఏమైనా ఉన్నాయా?" అన్నారు.

"ఆ, నాలుగు కుట్టేశాను. కుట్టించుకున్నవాళ్ళేమో పైకెక్కి రారు..."

"ఇలా ఇవ్వండి. బండి మరీ తేలిగ్గా ఉంది, గాలికి సంచులు ఎగిరిపోతున్నాయి. కాస్త బరువు కావాలి."

అలా ఒక ప్రొఫెసరు గారు, గాలికి సంచులు ఎగిరిపోకుండా, కుట్టిన బట్టలు బరువు పెట్టుకుని, దార్లో నాలుగిళ్ళ దగ్గర ఆగి ఇచ్చుకుంటూ వెళ్ళారు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. కొత్తమ్మాయి అది గమనించే స్థితిలో లేదు. తనను చూసి ఎవరు నవ్వుతున్నారా అని చూసుకుంటోంది.

చివరికి వడ్రంగి పెద్దాయన కొట్టు. కొట్టు నిండా కర్ర వాసన. పెద్దాయన తల కూడా ఎత్తకుండా చిత్రిక పడుతున్నాడు. ఉంగరాలు తిరిగిన పొట్టు మోకాళ్ళదాకా పేరుకుంది.

"వచ్చావా? నేను పడుతున్నాను, నువ్వు పట్టుకుపోతున్నావు. అసలు ఎంత చక్కెర తేలింది నా పొట్టులో?"

"పరీక్షలో ఉందండీ," అన్నారు మాస్టారు.

"కిందటేడు కూడా పరీక్షలోనే ఉంది."

"గట్టి కర్ర కదండీ. టైం పడుతుంది."

"గట్టిది కాక! నేను ఏరి తెచ్చిన కర్ర!" అని పెద్దాయన గర్వంగా ఇంకో పట్టు పట్టాడు. మాస్టారు అక్కడ కూర్చుని, టీ తాగి, పెద్దాయన చిన్నప్పటి కబుర్లు మొదట్నించీ విన్నారు. పక్కనే నిలబడ్డ కొత్తమ్మాయికి, మాస్టారు ఎక్కడ నవ్వాలో ముందే తెలిసినట్టు నవ్వడం చూస్తే, ఆయన ఆ కబుర్లు చాలాసార్లు విని ఉంటారనిపించింది.

ఇలా ప్రతి శనివారం. ఆ సాయంత్రం అమ్మ ఫోను చేసేది.

"ఏం చేశావే ఇవాళ?"

"ఆకులు ఎత్తానమ్మా."

"కిందటి వారం?"

"పొట్టు ఎత్తాను."

"నాకర్థం కాక అడుగుతాను. నువ్వు చదువుతున్నావా, ఊడుస్తున్నావా?"

"రెండూనే అమ్మా."

అమ్మకి నవ్వుతూ చెప్పేది గానీ లోపల గుబులుగానే ఉండేది. మొదటి ఏడాది సమీక్ష దగ్గర పడుతోంది. ఆ రోజు పెద్దల ముందు నిలబడి చేసిన పని చూపించాలి. బాగుంటే సరే, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆమె పనేమో తిన్నగా సాగడం లేదు. ఒకే గడ్డి, ఒకే ఎంజైము, ఒకే వేడి. ఒకరోజు చక్కెర బోలెడు వస్తుంది. మర్నాడు అందులో సగం కూడా రాదు. ఎందుకో అంతుపట్టదు. తన చెయ్యే మంచిది కాదేమో, కొట్లో కూర్చుని నిజంగానే అంతా మర్చిపోయానేమో అని బెంగ. వారమంతా ఇదే. శనివారం ఇంకాస్త పని చేసుకుందామంటే తోపుడుబండి.

ఒకరోజు ఏమీ తోచక సీనియర్ని అడిగింది. ఆ సీనియర్ ల్యాబులో ఎన్నేళ్ళుగా ఉన్నాడంటే, పరిశోధన ఎప్పుడు పూర్తవుతుందని అతన్ని ఎవరూ అడగడం లేదు.

"అన్నా, మనం శనివారం తెచ్చే పొట్టుకి, ఆకులకి చక్కెర ఎంత వస్తోంది? ఆ అంకెలుంటే నా వాటితో పోల్చుకుంటాను."

సీనియర్ టీ గ్లాసు కింద పెట్టి ఆమెను జాలిగా చూశాడు.

"నీకింకా ఎవరూ చెప్పలేదా?"

"ఏమిటి?"

"ఆ బస్తాలు ఇంతవరకూ గడ్డి పిండి చేసే మన మిల్లు మొహం చూడలేదు తల్లీ. ఒకదాంట్లో రంగు, ఒకదాంట్లో వార్నీషు, ఇంకోదాంట్లో తడి. ఏ వారానికి ఆ వారం వేరే సరుకు. దాంతో పరిశోధన ఎలా చేస్తాం? మనం వాడేది యూనివర్సిటీ పొలంలో ఒకే మడిలో పండించిన గడ్డి. నువ్వు చేస్తున్నదీ దాని మీదే కదా!"

"మరి ఆ బస్తాలన్నీ?"

"తోటమాలి ఎరువు గుంటలో వేస్తాడు. ఆయన గులాబీలు చూశావా? ఒక్కోటి సొరకాయంత పూస్తున్నాయి."

కొత్తమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్ని శనివారాలు తను వీధుల్లో బండి తోసింది గులాబీల కోసమా? తన చోటు పోయేలా ఉందని తెలిసీ ఈ పెద్దమనిషి టీలు తాగుతూ కూర్చున్నారా? ఈసారి శనివారం రానివ్వు, మొహం మీదే అడిగేస్తాను అనుకుంది.

శనివారం వచ్చింది. మాస్టారు రాలేదు. జ్వరమని కబురొచ్చింది. "బండి తీసుకుని నువ్వొక్కదానివే వెళ్ళిరా, పెద్దాయన ఎదురుచూస్తాడు" అని పైగా పురమాయింపు.

వెళ్తాను, ఎందుకెళ్ళను, అనుకుంది కొత్తమ్మాయి. వెళ్ళి, ఇక మీ పొట్టు అక్కర్లేదండీ అని మర్యాదగా చెప్పేసి వస్తాను. ఈ గోల నా చేత్తోనే ముగిస్తాను.

కొట్టు దగ్గర పెద్దాయన లేడు. ఆయన కూతురు గుమ్మంలో కూర్చుని గరిటెలకి నునుపు కాగితం రుద్దుతోంది.

"నాన్న లోపల స్నానం చేస్తున్నాడు. ఇవాళ మీరొస్తారని తొందరగా లేచాడు. కూర్చోమ్మా."

"లేదక్కా, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. ఈ పొట్టు..."

"ఆ, పొట్టు! ఆ మహానుభావుడు ఆ పొట్టు అడక్కపోయి ఉంటే మా నాన్న ఏమయిపోయేవాడో," అంది కూతురు, కాగితం పక్కన పెట్టి. "మా అమ్మ పోయాక నాన్న కొట్టు మూసేశాడమ్మా. చిత్రిక ముట్టుకోలేదు. తిండి పెడితే తినడం, గోడకేసి చూస్తూ కూర్చోవడం. ఎవరెంత చెప్పినా వినలేదు. బంధువులొచ్చి ఓదారిస్తే లేచి వెళ్ళిపోయేవాడు. అప్పుడొచ్చాడు మీ మాస్టారు. ఓదార్పూ లేదు, ఏమీ లేదు. గుమ్మంలో నిలబడి, 'ఏమండీ, మీ దగ్గర పొట్టు ఉందా, నా పరిశోధన ఆగిపోయింది' అన్నాడు."

"పెద్దాయన ఏమన్నారు?"

"లేదు పొమ్మన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ. జిడ్డులా పట్టుకున్నాడనుకో! చివరికి నాన్నకి కోపమొచ్చి, 'వీడి మొహాన కాసింత పొట్టు కొడితే గానీ పోయేలా లేడు' అని కొట్టు తాళం తీశాడు. ఊరికే పొట్టు రాదు కదా, ఏదో ఒకటి చిత్రిక పట్టాలి కదా. పట్టాక ఆ చెక్క పారేయడం ఎందుకని ఒక పీట చేశాడు. పీట చూసి ఎదురింటివాళ్ళు ఇంకోటి చేసిపెట్టమన్నారు. అంతే, ఇదిగో, ఇప్పుడు ఊపిరి తీసుకోవడానికి ఖాళీ లేదు."

కొత్తమ్మాయి లేచి, బండి మీంచి ఒక ఖాళీ గోనె తెచ్చుకుంది. ఇంతలో పెద్దాయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, మీ గురువుకి జ్వరమా? నాకు తెలుసు, ఎండలో ఆ బండేసుకు తిరిగితే రాక ఏమవుతుంది. సరేగానీ, ఆయన ఎలాగూ చెప్పడు, నువ్వు చెప్పు. ఎంత తేలింది నా పొట్టులో?"

ఆ ముసలి కళ్ళు నిజంగానే జవాబు కోసం చూస్తున్నాయి. ఆమె అటూ ఇటూ చూసింది. పరీక్షలో ఉందండీ అనడానికి నోరు రాలేదు. అసలు లేదనడానికి అంతకన్నా రాలేదు.

"వచ్చే వారం చెప్తాను తాతగారూ," అంది.

గోనె నిండా పొట్టు నింపి బండి మీద వేసుకుని, అట్నుంచి అటే మాస్టారి ఇంటికి వెళ్ళి బండి బయట ఆపింది. తలుపు తీసింది మాస్టారి భార్య. ఆవిడ ముందు కొత్తమ్మాయి చేతులు చూసి, ఖాళీగా ఉన్నాయని నిర్ధారించుకుని, అప్పుడు లోపలికి రానిచ్చింది.

"ఏమీ అనుకోకమ్మా. ఈ గడప లోపలికి పుల్ల కూడా రాకూడదని ఆయనకీ నాకూ ఒప్పందం."

మాస్టారు దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నారు. ముక్కు మాత్రం కనిపిస్తోంది.

"మాస్టారూ, ఆ బస్తాలు మిల్లులో వెయ్యరటగా!"

ముక్కు కూడా దుప్పట్లోకి వెళ్ళిపోయింది.

"నేను పెద్దాయన కూతురితో మాట్లాడాను. ఉన్నమాట చెప్పండి మాస్టారూ. ఎందుకిలా?"

ఆయన భార్య నవ్వి మంచం పక్కన కుర్చీ వేసింది.

"ఆయన చెప్పరు, నేను చెప్తాను విను. పెళ్ళయిన కొత్తలో పక్కింటావిడకి కాలు విరిగింది. ఒంటరి మనిషి. ఈయన వెళ్ళి 'ఏమైనా సాయం కావాలా అండీ' అనడిగారు. ఆవిడ 'మాకెవరి సాయమూ అక్కర్లేదు' అని మొహమ్మీద తలుపేసింది. రాత్రంతా మథనపడ్డారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, 'మీ పెరట్లో రాలిన ఆకులు నాకు కావాలండీ, చాలా అవసరం, కాదనకండి' అని బతిమాలారు. ఆవిడ తలుపు తీసింది. ఆకుల వంకతో పెరడంతా ఊడ్చి, నీళ్ళు పట్టి, ఆవిడకి మందులు తెచ్చిపెట్టి, కాలు బాగయ్యేదాకా ఆకులు ఏరుతూనే ఉన్నారు. ఆవిడ ఇప్పటికీ, 'పాపం, చదువుకునే రోజుల్లో మీ ఆయనకి నేనెంత సాయం చేశానో' అని అందరికీ చెబుతుంది."

"అప్పట్నుంచీ ఇంతేనా?"

"ఇంతే. ఇస్తానంటే మనుషులు ముడుచుకుపోతారట. అడిగితే తలుపు తీస్తారట. ఈయనకి సాయం చెయ్యడం రాదమ్మా, అడగడమొక్కటే వచ్చు. నీ ఇంటర్వ్యూ రోజు కూడా అంతే. 'ఆ పిల్లని వాళ్ళిద్దరూ కొట్టు గురించి గుచ్చి గుచ్చి అడుగుతుంటే నాకింకేం తోచలేదే' అన్నారు ఇంటికొచ్చి."

కొత్తమ్మాయి దుప్పటి వైపు చూసింది. కళ్ళలో ఏదో చెమ్మ తగిలింది. సరిగ్గా అప్పుడే దుప్పట్లోంచి గొంతు వినిపించింది.

"ముడి మాత్రం నిజంగా బాగుంది."

ఆమెకి ఫక్కున నవ్వొచ్చేసింది.

సోమవారం ల్యాబుకి వెళ్ళి, ఎరువు గుంటకి పోకుండా ఆపిన పెద్దాయన పొట్టు బయటికి తీసింది. మాట ఇచ్చింది కదా, ఎంతో కొంత చెప్పాలి. మిల్లు ఖాళీ లేదు, సీనియర్ ఏదో ఆడిస్తున్నాడు. పొట్టు ఎలాగూ ఉల్లిపొర అంత పల్చగా ఉంది కదా అని కత్తెరతో సన్నగా కత్తిరించేసింది. ఉడికించి, ఎంజైము పోసి, చక్కెర చూసింది. చాలా తక్కువ. ఇంత తక్కువ చెబితే పెద్దాయన బాధపడతాడని మళ్ళీ చేసింది. అంతే తక్కువ. మర్నాడు చేసింది. మళ్ళీ అంతే, చుక్క తేడా లేదు.

చెయ్యి ఆగిపోయింది. తక్కువే, కానీ ప్రతిసారీ ఒకే తక్కువ! అంటే తన చెయ్యి మంచిదే. ఎంజైమూ మంచిదే. మరి గడ్డితో చేస్తే ఎందుకలా గెంతులు వేస్తోంది? గడ్డికీ పొట్టుకీ తను చేసిన తేడా ఏమిటి?

మిల్లు!

పరుగున వెళ్ళి మిల్లు ఆపించి, కింది భాగం విప్పింది. పిండి కిందకి దిగే జల్లెడ ఓ మూల చిరిగిపోయి ఉంది. వేలు పట్టేంత చిల్లు. అందులోంచి నలగని గడ్డి ముక్కలు పిండితో కలిసి దిగిపోతున్నాయి. ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ. సీనియర్ తొంగిచూసి, చిల్లులోకి వేలు దూర్చి చూశాడు.

"అయితే నా పరిశోధన ఇన్నాళ్ళూ..." అన్నాడు నీరసంగా.

కొత్త జల్లెడ వచ్చింది. గడ్డి బుద్ధిగా, చెప్పినమాట విన్నట్టు ఒకేలా చక్కెర ఇవ్వడం మొదలుపెట్టింది. సమీక్షలో పెద్దలు అడిగిన వాటికన్నిటికీ కొత్తమ్మాయి తడుముకోకుండా జవాబు చెప్పింది. అప్పుడు ఇంటర్వ్యూలో కొట్టు గురించి అడిగిన ఆయనే, "శుభ్రంగా చేశావమ్మా" అని సంతకం పెట్టాడు. ఆమె చోటు నిలబడింది.

అమ్మకి ఫోను చేస్తే, "అయితే ఇక ఊడవక్కర్లేదన్నమాట" అంది అమ్మ.

కానీ అసలు గొడవ అంతకుముందే మొదలైంది. ఇచ్చిన మాట ప్రకారం ఆమె ఆ మరుసటి శనివారమే పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీ పొట్టు చాలా మొండిది తాతగారూ. చక్కెర వదలడం లేదు. చాలా తక్కువ వచ్చింది."

పెద్దాయన మొహం వెలిగిపోయింది. "మొండిదే మరి! నా కర్రంటే ఏమనుకున్నావు? అంత తేలిగ్గా లొంగుతుందా?" అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఆ మాట టైలరమ్మ చెవిన పడింది. నా ముక్కల సంగతేమిటి అంది. తప్పేదేముంది, కొత్తమ్మాయి అదీ చూసింది. నూలు గుడ్డ అచ్చంగా చక్కెర గొలుసే కాబట్టి, పొట్టుకి ఎన్నో రెట్లు వచ్చింది. టైలరమ్మ ఆ వార్తని మిషను చప్పుడు కన్నా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దాయనకి ఇది మింగుడు పడలేదు. "ఏదో కిటుకుంది, నేనే వెళ్ళి ఆ ముక్కలు చూస్తాను" అని టైలరమ్మ మేడ ఎక్కబోయి, సగం మెట్ల మీద ఆగిపోయాడు. "ఇవి మెట్లా, నిచ్చెనా? పట్టుకోవడానికి ఓ కర్రయినా లేకుండా మనిషి ఎలా దిగుతుంది?" అని కిందకొచ్చి, ముక్కల మాట మర్చిపోయి, కొలతలు తీసుకున్నాడు. మెట్ల పొడుగునా నున్నటి చేపట్టు కర్ర బిగించాడు. టైలరమ్మ దాన్ని పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, చాలాకాలానికి వీధిలో కాలు పెట్టింది. పెట్టాక ఇంట్లో కూర్చుంటుందా?

ఈ లోపల జ్వరం తగ్గి మాస్టారు మళ్ళీ ల్యాబుకి వచ్చారు. విషయమంతా విని తల పట్టుకున్నారు.

"నిజంగా పరీక్ష చేశావా? వాళ్ళకి అంకెలు కూడా చెప్పావా? అయ్యో అమ్మాయ్! ఇప్పుడు అందరూ లెక్కలడుగుతారు!"

"అడిగితే చెబుదాం మాస్టారూ. ఏముంది?"

"నీకు తెలీదు. పని పాడుచేశావు," అన్నారు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెదాలు ఓ పక్కకి సాగుతున్నాయి.

ఆ శనివారం మాస్టారు అలవాటుగా తోపుడుబండి లాక్కుంటూ ఒక్కరే బయల్దేరారు. కాఫీ హోటలు దగ్గర మనిషి లేడు. టైలరమ్మ గది తాళం వేసి ఉంది. వడ్రంగి కొట్టూ మూసి ఉంది. ఏమైంది వీళ్ళకి? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఖాళీ బండితో రొప్పుకుంటూ వెనక్కి పరిగెత్తారు.

ల్యాబు లోపలి నుంచి అరుపులు వినిపిస్తున్నాయి.

"ఈసారి మెత్తటి కర్ర తెచ్చాను. నీ పాతగుడ్డలు దీని ముందు బలాదూరు!" అంటున్నాడు పెద్దాయన.

"ముందు తేలనివ్వండి, తర్వాత మాట్లాడండి," అంటోంది టైలరమ్మ.

"నా కాఫీ పిప్పి సంగతి ఎవరికీ పట్టదేం?" అంటున్నాడు హోటలాయన. సీనియర్ అందరికీ గాజు బీకర్లలో టీ పోస్తున్నాడు. కొత్తమ్మాయి తెల్లకోటు వేసుకుని, ఒక్కొక్కరి సంచీలోంచి చిటికెడు చిటికెడు తీసి తూకం వేస్తోంది. పెద్దాయన మెడ చాచి ముల్లు వైపే చూస్తున్నాడు.

మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. టైలరమ్మ తలతిప్పి చూసింది.

"అలా నిలబడ్డారేం మాస్టారూ? పరాయి చోటా ఏమన్నా? లోపలికి రండి. ఏం తాగుతారు?"

మాస్టారు తన ల్యాబులోకి తనే చుట్టపుచూపుగా వచ్చారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. కాసేపు అటూ ఇటూ చూసి, పొట్టు బస్తా ఒకటి కాలితో దగ్గరికి జరుపుకుని, దాని మీద హాయిగా కూర్చున్నారు.